సొంతంగా వెళ్ళినవాళ్ళు

ముందు సీట్లో ఎందుకు కూర్చున్నట్టు? కారు కొండ దిగడం మొదలుపెట్టి పది నిమిషాలైంది, మార్లిస్ మనసు మాత్రం ఆ ఒక్క ప్రశ్నని పట్టుకునే ఉంది. పొద్దున గ్రీసులోని కటాకోలో రేవులో ఓడ దిగి ఇదే కారు ఎక్కినప్పుడు లైల్ వెనక, తన పక్కనే కూర్చున్నాడు. పటాన్ని ఇద్దరి మోకాళ్ళ మీదా పరిచి ఇదిగో ఇక్కడ నది, ఇదిగో ఇది పాత రైలుకట్ట అని దారి పొడవునా వేలుతో చూపిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు, కొండ మీది ఊళ్లో భోజనం అయ్యాక, కారు తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, తన ముఖం వైపు చూడకుండా, "నేను ముందు కూర్చుంటా మార్లిస్, దారి బాగా కనబడుతుంది" అన్నాడు. వచ్చిన దారే కదా వెళ్ళేది. చూసేసిన దారిలో కొత్తగా కనబడేదేముంది? పైగా పటం మడిచి చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు జిల్లా సర్వేయరుగా చేసిన మనిషి, ఇంటి వెనక అడవిలోకి వెళ్ళినా పటం చేత్తో పట్టుకునే మనిషి, మొదటిసారి వచ్చిన దేశంలో పటం మడిచేశాడు. అంటే దారి చూడడానికి కాదు. మరి దేనికి? డ్రైవరు పక్కన కూర్చోడానికి. తన పక్కన కూర్చోకుండా ఉండడానికి. ఈ రెండింట్లో ఏదో ఒకటి, లేకపోతే రెండూ.

అమెరికాలో, డ్యులూత్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ముప్పై ఒక్క ఏళ్ళు క్లెయిములు విచారించింది మార్లిస్. కాలిపోయిన గ్యారేజీలు, మంచులో జారి గుంటలో పడ్డ ట్రక్కులు, దొంగలెత్తుకుపోయారని ఏడుస్తూ చెప్పిన పడవలు, తీరా వెళ్ళి చూస్తే బావమరిది షెడ్డులో టార్పాలిన్ కింద. ఎదుటివాడు చెప్పేది రాసుకుంటూనే వాడి మెడ గమనించడం ఆమెకి అలవాటైంది. నోరు తయారై వస్తుంది, మెడ తయారై రాదు అని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకి చెప్పేది, లైల్‌కీ ఒకసారి చెప్పింది. ఇప్పుడు లైల్ మెడ తనకి రెండడుగుల దూరంలో ఉంది. కాలరు పైన, తెల్ల వెంట్రుకల మొదట్లో, చెమట. కారులో ఏసీ నడుస్తోంది, తను స్వెటర్ వేసుకుని కూర్చుంది, డ్రైవరు స్తాథిస్ కూడా చొక్కా చేతులకి బొత్తాలు పెట్టుకునే ఉన్నాడు. లైల్‌కి ఒక్కడికే చెమట. చెమట పట్టినవాడు ఏదో దాస్తున్నాడు. ఎన్ని వందల ఫైళ్ళలో చూసింది. ఏడు నెలల కాపురం, అంతే కదా. ఏడు నెలల్లో ఒక మనిషి గురించి ఏం తెలుస్తుంది, కాఫీలో పాలు పోసుకోడని తెలుస్తుంది, పడుకునే ముందు తలుపు గడియ రెండుసార్లు చూస్తాడని తెలుస్తుంది. రోజర్‌తో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసి మాత్రం ఏం తెలుసుకుంది? రోజర్, మొదటి మొగుడు, వంతెన దాటితే వచ్చే పక్క ఊళ్లో తొమ్మిదేళ్ళు ఇంకో ఇల్లు నడిపాడు, ఆ ఇంటి పెరట్లో పందిరి కూడా వేశాడు. ఊరందరి అబద్ధాలూ తవ్వి తీసే మార్లిస్ రాత్రి ఇంటికొచ్చి అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయమనిపించేది.

అసలు ఈ ప్రయాణంలో గొడవంతా దిగి ఏం చూడాలి, ఎవరితో వెళ్ళాలి అన్నదే. ఫిబ్రవరిలో, వంటింటి కిటికీ సగానికి మంచు పేరుకున్న రోజున, ఓడ కంపెనీ వాళ్ళ టూర్ల పుస్తకం వచ్చింది. ఏ రేవులో దిగితే ఏం చూపిస్తారు, ఎన్ని గంటలు, ఎంత నడక. తక్కువ నడక అయితే ఒక బూటు బొమ్మ, ఎక్కువైతే మూడు బూట్లు. ఆమె పెన్సిలు తీసుకుని అన్ని రేవులకీ టిక్కులు పెట్టేసింది, అన్నీ ఒంటి బూటువే, కుడి మోకాలు మాట వినడం మానేసి రెండేళ్ళైంది మరి. లైల్ కాఫీ కప్పుతో వచ్చి ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"నలభై నాలుగు మందిమి రొమ్ముకో అంకె అంటించుకుని, కర్ర పైకెత్తిన పిల్ల వెనకాల నడవాలి. అంతేగా?"

"అంకె ఉంటే తప్పిపోం."

"నేనెప్పుడైనా తప్పిపోయానా?"

"వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది లైల్. మనంతట మనం పోయి ఆలస్యం చేస్తే ఆగదు. ఇదిగో, అచ్చేసే ఉంది."

"భయపెట్టే మాటలన్నీ చిన్నచ్చులోనే ఉంటాయి. ఆ బస్సు బొమ్మల కొట్టు దగ్గర గంట ఆపుతారు, చూడాల్సిన చోట ఇరవై నిమిషాలు. అంత దూరం పోయి ఎవడి వీపో చూసి రావాలా?"

చిన్నచ్చు చదవడమే తన ఉద్యోగమని అతనికి తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. చివరికి ఒక రేవు ఆమెది, ఒక రేవు అతనిది అని పంచుకున్నారు. మార్సెయ్ ఆమెది, లివోర్నో అతనిది, రోమ్ ఆమెది, ఈ కటాకోలో అతనిది. ఒలింపియా శిథిలాలు చూడ్డానికి ఓడ వాళ్ళ బస్సులు పదిహేడు బయల్దేరాయి పొద్దున. వాళ్ళిద్దరు మాత్రం గేటు దాటి బయటికి నడిచి, లైల్ పేరు అట్టముక్క మీద రాసి పట్టుకున్న ఈ మనిషి కారెక్కారు. మూడు నెలలుగా లైల్ ఇతనితో ఉత్తరాలు నడుపుతున్నాడు. ఒక్క రోజు కారుకి మూడు నెలల ఉత్తరాలేమిటి? ఏం రాస్తున్నావంటే, "అతను వాళ్ళ ఊరి గురించి చెబుతున్నాడు, మంచివాడిలా ఉన్నాడు" అన్నాడు. మంచివాడిలా ఉన్నాడు. టార్పాలిన్ కింద పడవ దాచిన బావమరిది కూడా మంచివాడిలాగే ఉన్నాడు, ఆమెకి కాల్చిన చేప పెట్టాడు.

లివోర్నోలో అతని మాటే నెగ్గింది, అది ఒప్పుకోవాలి. రైల్లో లుక్కా వెళ్ళి, కోటగోడ మీద తీరిగ్గా కూర్చుని, రెండు గంటల ముందే ఓడ దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ సాయంత్రమే పై డెక్కు మీద నిలబడి చూశారు, ఓడ మెట్లు తీసేశాక రేవు మీద పరిగెత్తుకొస్తున్న ఇద్దరిని. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుంది, ఆయన టోపీ ఊపుతున్నాడు. డెక్కు మీద జనం గ్లాసులు పట్టుకుని చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, పందెం కట్టినవాళ్ళూ ఉన్నారు. ఓడకీ రేవుకీ మధ్య నీళ్ళు ముందు ఒక గజం, తర్వాత ఒక వీధంత. ఆ ఇద్దరూ పరుగు ఆపి నిలబడ్డారు. భోజనాల బల్ల దగ్గర రోజూ పక్కన కూర్చునే డోరీన్, సస్కటూన్ నుంచి వచ్చినావిడ, రైలింగు మీదికి వంగి, "సొంతంగా వెళ్ళినవాళ్ళు" అంది. ఏదో రోగం పేరు చెప్పినట్టు చెప్పింది. లైల్ చప్పట్లు కొట్టలేదు. తనూ కొట్టలేదు. ఆ రాత్రి లైల్ నిద్రలో అటూ ఇటూ కదిలాడు, ఎందుకో.

ఇవాళ భోజనం దగ్గర్నుంచి వరసగా పేర్చుకుంటే ఒక ఫైలు తయారవుతుంది. ఒకటి, మాంసం ముట్టుకోలేదు. స్తాథిస్ పిన్ని నడిపే హోటలట, ఆవిడే వండి తెచ్చి ఎదురుగా నిలబడితే కూడా ఫోర్కుతో అటూ ఇటూ జరిపాడు. తర్వాత, కడుపులో మంటగా ఉంది, మాత్ర కొనుక్కొస్తానని లేచాడు. ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉన్న మందుల కొట్టు ఎదురుగానే ఉంది. భాష కోసం నేనూ వస్తానని స్తాథిస్ కూడా లేచాడు. కడుపు మంట మాత్రకి పావుగంట. ఆ కొట్టావిడ తలుపు దాకా వచ్చి స్తాథిస్‌కి వేలు ఊపుతూ ఏదో గట్టిగా చెప్పింది. లైల్ చేతుల్లో ఏమీ లేదు. మాత్ర ఏదంటే, "వేసేసుకున్నా" అన్నాడు. నీళ్ళెక్కడివి? అడగలేదు తను. ఫైలు పూర్తయ్యేదాకా అడగకూడదు, అడిగితే జాగ్రత్త పడతారు. తను బాత్రూముకి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇద్దరూ కారు పక్కన తలలు దగ్గరగా పెట్టుకుని ఉన్నారు, స్తాథిస్ చెయ్యి లైల్ భుజం మీద ఉంది. తనని చూడగానే మాటలాగిపోయాయి. పొద్దున మొదటిసారి చూసిన మనిషి భుజం మీద చెయ్యి వేస్తాడా ఎవడైనా? లేక చూడడం మొదటిసారి కాదా?

ఇప్పుడు కూడా మాట్లాడుకుంటున్నారు, ముందు సీట్లో, గొంతు తగ్గించి. కిటికీ అద్దం కొంచెం దించింది, గాలికి ఒకటి రెండు మాటలైనా వెనక్కి వస్తాయని. ఆలివ్ తోటలు, నల్ల వలలు చుట్టి పెట్టిన కుప్పలు, నిమ్మకాయల బస్తాల పక్కన నిద్రపోతున్న ముసలాయన. "ముందు ఆమెని..." అన్నాడు లైల్. గాలి. "తర్వాత నేను..." మళ్ళీ గాలి. "వద్దు సార్" అని స్తాథిస్. "ఆమెకి చెప్పకు." ఈ మాట స్పష్టంగా వినబడింది. ఆమెకి చెప్పకు. మార్లిస్ అద్దం పైకెత్తింది. చేతులు చల్లగా, నిలకడగా ఉన్నాయి, విచారణలో ఎప్పుడూ అలాగే ఉండేవి. వెనకద్దంలో స్తాథిస్ కళ్ళు ఒకసారి ఆమె వైపు చూసి పక్కకి తప్పుకున్నాయి. ఈ పెళ్ళికి ముందు కూతురు ట్రూడీ ఫోన్లో అన్న మాట, "అమ్మా, అద్దె గదిలో ఉండే మనిషి సరస్సు ఒడ్డున ఇల్లున్న ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు, నీకేం అనిపించడం లేదా?" అనిపించింది ట్రూడీ. నీకంటే ముందే అనిపించింది. అయినా ఒప్పుకుంది, ఎందుకంటే లైల్ చర్చి మెట్ల మీద మంచు పార తీసుకుని ఎవరూ అడక్కుండా తోస్తూ కనిపించాడు. తోసేది కూడా అంచులు తిన్నగా, కొలిచినట్టు తోశాడు. అలాంటి మనిషి అబద్ధం చెప్పడనుకుంది. అంచులు తిన్నగా తోసేవాడు అబద్ధం కూడా తిన్నగానే చెబుతాడేమో, అప్పుడు తోచలేదు.

ముందు ఆమెని. ముందు ఆమెని ఏం చేస్తారు? దింపేస్తారా? ఎక్కడ? తామిక్కడున్నట్టు ఎవరికి తెలుసు? ఓడ వాళ్ళ టూరైతే కాగితం మీద పేరుంటుంది, బస్సెక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క. ఇప్పుడు తన పేరు ఏ కాగితం మీదా లేదు. డోరీన్‌కి చెప్పలేదు, చెబితే మళ్ళీ ఆ రోగం పేరు వినాల్సొస్తుందని. కొండ దిగి పెద్ద రోడ్డు మీదికొచ్చారు. తమ ముందు ఓడ వాళ్ళ బస్సు ఒకటి వెళుతోంది, వెనకద్దం మీద అంకె, పదిహేడు. చివరి బస్సు. దాన్ని చూడగానే ఎంత ప్రాణం లేచొచ్చిందంటే, చిన్నపిల్లలా చెయ్యి ఊపాలనిపించింది. దాని వెనకే పోతే చాలు, ఎవరేం అనుకున్నా రేవు వస్తుంది. టైము మూడూ ఇరవై. నాలుగున్నరకి అందరూ ఓడ ఎక్కెయ్యాలి. పదిహేడో అంకె మీంచి కళ్ళు తియ్యకుండా కూర్చుంది. ముందు ఒక కూడలి వచ్చింది. బోర్డు మీద రెండు భాషల్లో ఉంది, రేవు తిన్నగా. బస్సు తిన్నగా వెళ్ళింది. స్తాథిస్ ఎడమకి తిప్పాడు.

"ఏయ్!" అంది. "రేవు అటు!"

స్తాథిస్ వేగం పెంచాడు.

"కారు ఆపు. లైల్, ఎక్కడికి తీసుకెళుతున్నాడు? నీకు తెలుసు. నీకు తెలుసు కదా?"

"చెప్పాను నీకు," అన్నాడు లైల్. తనతో కాదు, స్తాథిస్‌తో. "ముందు ఓడకని చెప్పాను." ఆ గొంతు లైల్‌ది కాదు, ఎక్కడో నేల కింద నుంచి వచ్చినట్టుంది. మార్లిస్ బెల్టు విప్పుకుని ముందుకి వంగి అతని భుజం పట్టి తన వైపు తిప్పింది, ముఖం చూడాలి, ముఖం చూసి అడగాలి. ముఖం బూడిద రంగులో ఉంది. పెదాలకి రంగు లేదు. కుడి పిడికిలి రొమ్ము మధ్య, అక్కడేదో ఊడిపోకుండా పట్టుకున్నట్టు. ఎడమ చెయ్యి ఒళ్ళో, తనది కానట్టు పడుంది. ఇంతసేపూ చూసింది తను ఈ మెడ. ఈ చెమటే చూసింది. స్తాథిస్ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకుండా, మార్కెట్టు వీధిలో కూరగాయల బండిని పేవ్‌మెంటు ఎక్కించి, "రెండు నిమిషాలు కిరియా, రెండే నిమిషాలు" అన్నాడు. పొద్దున్నుంచీ అలాగే పిలుస్తున్నాడు, అమ్మగారూ అన్నట్టు. ఆమె వెనక సీట్లోంచి రెండు చేతులూ ముందుకి చాచి లైల్ మెడని పట్టుకుంది. తడిగా, చల్లగా ఉంది.

తర్వాత జరిగినదంతా ముక్కలు. తెల్ల గోడ, చక్రాల మంచం, చొక్కాని కత్తెరతో కోస్తుంటే జేబులోంచి కింద పడిన పటం. లోపలికి రావద్దన్నారు, వచ్చేసింది. డాక్టరు ట్రూడీ కంటే చిన్న పిల్ల, జుట్టు పెన్నుతో ముడేసుకుంది, ఇంగ్లీషు గబగబా మాట్లాడుతోంది. గుండెపోటు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ముందెప్పుడైనా వచ్చిందా? మార్లిస్‌కి తెలియదు. ఏ మందులు వాడతాడు? లైల్ నోరు తెరిచాడు, మాట రాలేదు, కళ్ళు పైకి తిరిగాయి. నర్సు ఒకామె చేతిలో నీళ్ళ గ్లాసూ మాత్రా పట్టుకుని అతని తల ఎత్తుతోంది.

"ఏమిటది?" అంది మార్లిస్.

"ఆస్పిరిన్. అందరికీ మొదట ఇచ్చేది."

"ఆగండి! అతనికి ఆస్పిరిన్ పడదు. గొంతు వాచిపోతుంది, ఊపిరాడదు. ఇవ్వకండి!"

నర్సు చెయ్యి ఆగింది. డాక్టరు తిరిగి చూసింది. "కచ్చితంగా తెలుసా?"

"తెలుసు. క్లోపిడోగ్రెల్ డెబ్బై ఐదు, పొద్దున ఒకటి. మెటోప్రొలాల్ యాభై, రెండు పూటలా. కొలెస్ట్రాల్ మాత్ర రాత్రికి, నలభై."

"మగవాళ్ళు వేసుకునే ఆ నీలం మాత్రలు? నిన్న గానీ ఇవాళ గానీ? సిగ్గుపడకండి, అది చాలా ముఖ్యం."

తలుపు దగ్గర స్తాథిస్ నేల వైపు చూశాడు. "లేదు," అంది మార్లిస్. "అతని సంచీలో అలాంటివేం లేవు."

డాక్టరు పని మొదలుపెట్టింది, ఈసారి ఆమెని బయటికి నెట్టేశారు, తలుపు మూసేశారు. మాటలు నోట్లోంచి వరసగా వచ్చేశాయి, ఫైలు చదివినట్టు. ఎక్కడివి ఆ మాటలు? బార్సిలోనా, ఓడెక్కిన మొదటి సాయంత్రం. లైల్ స్నానం చేస్తున్నాడు, నీళ్ళ చప్పుడు వినబడుతోంది, ఆమె అతని పెట్టె జిప్పు లాగింది. ఏడు నెలలు ఆగింది, ఇక ఆగలేకపోయింది. చొక్కాలు, సాక్సులు, ఒక ఊలు సాక్సు మరీ బరువుగా ఉంది. అందులో మందుల సీసాలు మూడు, ఒక పసుపుపచ్చ కార్డు, పేరు, పుట్టిన తేదీ, ఆస్పిరిన్ పడదు, గొంతు వాచి ఊపిరాడదు అని ఎర్రటి అక్షరాలు. సీసాల మీద తారీఖు కిందటేడాదిది, పెళ్ళికి ముందుది. డెబ్బై రెండేళ్ళవాడికి మందులుండడం వింత కాదు, సాక్సులో దాచుకోవడమే వింత. ఒక్కసారి చదివి, యథాప్రకారం మడిచి పెట్టేసింది. చదివింది మరిచిపోకపోవడం ఆమె వృత్తి. కొలెస్ట్రాల్‌ది తప్ప మిగతా మందులు దేనికో కనుక్కుందామనుకుంది, ఓడలో ఇంటర్నెట్ సరిగా రాదని వాయిదా వేసింది. రోగమనుకోలేదు. సాక్ష్యమనుకుంది.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. స్తాథిస్ ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. "సార్ మా పిన్ని హోటల్లోనే చెప్పాడు, రొమ్ములో నొప్పి అని," అన్నాడు. "మందుల కొట్టావిడ వెంటనే ఆసుపత్రికి పొమ్మంది, నన్ను తిట్టింది. అంబులెన్సు కొండ ఎక్కేసరికి గంట పడుతుంది, నేనే దించుతానన్నాను. సార్ ఒప్పుకోలేదు. ముందు ఆమెని ఓడ ఎక్కించు, తర్వాత నన్ను తీసుకెళ్ళు, ఆమెకి చెప్పకు, భయపడుతుంది అన్నాడు. దారంతా అదే మాట. నేను సరే సరే అన్నాను. కూడలి దాకా సరే అన్నాను." అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మా నాన్న ఇలాగే పోయాడు కిరియా, ద్రాక్షతోట సగం ఉంది, పూర్తి చేసి వస్తానని. అందుకే తిప్పాను. మీకు చెప్పకుండా తిప్పాను. తిట్టాలంటే తిట్టండి." ఇంత చెప్పినా ఆమె మనసులో ఒక మూల ఇంకా అడుగుతోంది, ఇది నిజమేనా, ద్రాక్షతోట సంగతి ఇప్పుడే అల్లాడా అని. ఆ మూలని ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. పర్సులోంచి ఓడ కార్డు తీసి, వెనకున్న నంబరుకి ఫోన్ చేసింది.

"మీరు వెళ్ళింది మా టూరులోనా అమ్మా, సొంతంగానా?" ఓడ ఆఫీసరు గొంతు మర్యాదగా ఉంది.

"సొంతంగా."

అతను ఆసుపత్రి ఎక్కడని అడిగి, "మీరున్న చోటినుంచి రేవుకి ఇరవై నిమిషాలు. నాలుగూ నలభై దాకా మెట్లు తియ్యకుండా చూడగలను. సారుని ఇక్కడి మా ఏజెంటు చూసుకుంటాడు, మీరొచ్చేస్తే రేపు ఏథెన్స్ నుంచి విమానంలో ఇంటికి వెళ్ళిపోవచ్చు. వస్తారా?" అన్నాడు.

గడియారం నాలుగూ ఏడు. తలుపు అవతల యంత్రం ఒకటి కూస్తోంది, ఆగుతోంది, మళ్ళీ కూస్తోంది. వెళ్ళిపోవచ్చు. రోజర్ విషయం తెలిసిన రోజున కూడా ఇలాగే ఎవరో అన్నారు, వెళ్ళిపోవచ్చు అని, ఆ రోజు వెళ్ళిపోయింది, రెండు సూట్‌కేసులతో, మంచి పనే చేసింది. ఇతనూ దాచాడు. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న గుండె జబ్బు సాక్సులో చుట్టి దాచాడు. కాగితం మీద అయితే ఈ క్లెయిము అక్కడే కొట్టేసేది. ముందు ఆమెని, అన్నాడు. ఆ మాటని ఎటు తిప్పి చూసినా ఇప్పుడు వేరే అర్థం రావడం లేదు. అర్థం రానందుకు ఆమెకి కోపం వచ్చింది, భయం వేసింది, రెండూ ఒకటేలా ఉన్నాయి.

"రాను," అంది. "సేఫులో పాస్‌పోర్టులున్నాయి, మీ ఏజెంటుకి ఇచ్చి పంపండి. అతని కళ్ళజోడు మంచం పక్కన ఉంటుంది. పెట్టెలో ఒక ఊలు సాక్సు బరువుగా ఉంటుంది, అది కూడా."

అయిదున్నరకి డాక్టరు బయటికొచ్చింది. జుట్టు ఊడి భుజాల మీద పడుంది, పెన్ను చేతిలో ఉంది. మూసుకుపోయిన రక్తనాళం మందుతో కొంత తెరుచుకుందట, ఇంకో గంటలో పత్రాస్‌లోని పెద్దాసుపత్రికి పంపుతారట, అప్పటిదాకా ఎక్కువ మాట్లాడించొద్దట. ఆస్పిరిన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆవిడ చెప్పలేదు, మార్లిస్ అడగలేదు. లైల్ దిండు మీద చిన్నగా కనబడ్డాడు, రొమ్మంతా తీగలు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఓడ?"

"వెళ్ళిపోయింది."

"నిన్ను ముందు దింపమన్నాను."

"అతను నీ మాట వినలేదు. నీ కంటే తెలివైనవాడు."

లైల్ పైకప్పు వైపు చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకున్నాడు. "నర్సు చెప్పింది, నువ్వు ఆపావని. ఆస్పిరిన్ సంగతి నీకెలా తెలుసు? నేను ఎప్పుడూ చెప్పలేదే."

అబద్ధం చెప్పడం తేలిక. ట్రూడీ ఎవరినో అడిగిందని, కార్డు ఎప్పుడో కింద పడి కనిపించిందని. ఎన్ని రకాలుగా చెబుతారో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. "నీ పెట్టె వెతికాను," అంది. "బార్సిలోనాలో. నువ్వు స్నానం చేస్తుంటే."

"ఇంకేం వెతికావు?"

"పర్సు. కాగితాలు. ఫోను తెరవబోయాను, తెరుచుకోలేదు."

"ఏం దొరుకుతుందనుకున్నావు?"

"తెలీదు. ఏదో ఒకటి."

అతని గడ్డం కింద నరం కదిలింది. "పెళ్ళికి ముందే చెప్పాల్సింది నేను. రెండేళ్ళ కిందట ఒకసారి వచ్చింది. చెబితే చేసుకునేదానివా?"

చేసుకునేది అనాలి ఇప్పుడు. మంచం మీదున్న మనిషితో ఎవరైనా అదే అంటారు. "తెలీదు," అంది.

"అందుకే చెప్పలేదు." కళ్ళు మూసుకున్నాడు. "నాకు చాలా కోపంగా ఉంది మార్లిస్. కోపం తెచ్చుకోకూడదట, ఆ పిల్ల చెప్పింది."

"నాకూ ఉంది. నాకెవరూ చెప్పలేదు, తెచ్చుకోవద్దని."

అతని నోటి చివర ఏదో కదిలింది, నవ్వు కాదు, నవ్వుకి దగ్గరిది, అది కూడా నొప్పి పుట్టించినట్టుంది, ఆపేశాడు. నర్సు వచ్చి సెలైను సీసా చూసి, రెండు వేళ్ళు చూపించి వెళ్ళింది, రెండు నిమిషాలు.

"ఇక్కడే ఉంటావా?" అన్నాడు.

"ఓడ వెళ్ళిపోయిందిగా."

"అది కాదు నేనడిగింది."

మార్లిస్‌కి తెలుసు అతనడిగింది ఏమిటో. ఆఫీసరు మెట్లు తియ్యకుండా ఆపుతానన్నా తనే వెళ్ళలేదన్న సంగతి చెబితే జవాబు సులువైపోతుంది, అందుకని చెప్పలేదు. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, తీగలు లేని చెయ్యి ఏదో చూసి, దాన్ని పట్టుకుంది.

"ఉంటాను," అంది.

లైల్ కళ్ళు తెరిచి ఆమె ముఖం కేసి చూశాడు. ఆ తర్వాత చూపు మెల్లగా కిందికి జారి ఆమె మెడ దగ్గర ఆగింది, అక్కడే చాలాసేపు ఉంది. ఆమె కదలకుండా కూర్చుని చూడనిచ్చింది. నమ్మాడో లేదో తెలియలేదు.